పాటకు ముందు సద్దు

మైదుకూరు దారిలో ఉన్న ఆ చిన్న దర్గాలో ఆంప్లిఫయర్ కాలిపోయింది. అందులో దాని తప్పేమీ లేదు. భక్తి ఎక్కువై కాలిపోయింది.

అక్కడ సమాధిలో ఉన్న పెద్దతాత బతికిన రోజుల్లో తత్వాలు పాడేవాడు. ఎన్ని పాడినా మిగిలింది ఒక్కటే. ఎవరో భక్తుడు టేపు తెచ్చి పట్టి ఉంచిన పాట అది. తర్వాత దాన్ని సీడీలోకి ఎక్కించారు. ప్రతి గురువారం పొద్దు వాలే ముందు ఆ పాట పెడతారు. మూతపడిన సినిమా హాలు నుంచి తెచ్చిన రెండు పెద్ద చెక్క స్పీకర్లలోంచి పెద్దతాత గొంతు వస్తుంది.

గొంతు వచ్చేది స్పీకర్లలోంచే అయినా దానికి ప్రాణం పోసేది ఆంప్లిఫయరేనని బస్సు కండక్టర్ సుంకన్నకు ఎవరో చెప్పారు. అయితే అదీ పెద్దతాతతో సమానమేనని సుంకన్న సమాధి మీద కప్పే ఆకుపచ్చ చాదర్ ఒకటి తెచ్చి దాని మీద కప్పాడు. సుంకన్న కప్పాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఒకరి తర్వాత ఒకరు కప్పారు. ఆరో చాదర్ కింద నుంచి ఒక గురువారం పొగ లేచింది. మొదట అందరూ సాంబ్రాణి అనుకున్నారు.

దర్గాలో ఏటా జరిగే ఉరుసుకు పది రోజులుంది. ఉరుసు నాడు పెద్దతాత పాట వినబడకపోతే అది ఉరుసే కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి హిందువులూ ముస్లింలూ వచ్చి ఒకే చాప మీద కూర్చునేది ఆ పాట కోసమే.

దర్గాను ఇప్పుడు చూసుకుంటున్నది దస్తగిరి తాత. పెద్దతాత శిష్యుడు. దూదేకుల ఇంట పుట్టినవాడు. డెబ్బై దాటినా దూది ఏకే విల్లు పక్కన పెట్టలేదు. వసారాలో కూర్చుని దూది ఏకి, దిండ్లు కుట్టి, ఆ వచ్చిన దానితోనే తింటాడు.

ఆయన ఓబుళపతిని పిలిచి, "కొత్తది నువ్వే విని తీసుకురా నాయనా" అన్నాడు.

ఓబుళపతి కడపలో పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్తాడు. ఎనిమిదేళ్ళుగా ఒక్క గురువారం తప్పకుండా దర్గాకు వస్తున్నాడు. గురువు ఇంతమందిలో తనను పిలిచి చెప్పడం అతనికి చాలా గొప్పగా అనిపించింది. ఇంటికి పోయి ఫోను తెరిచాడు. నాలుగు రోజుల పాటు రివ్యూలు చదివాడు. చదివింది నోట్సు రాసుకున్నాడు. ఒకటి నిండి రెండో నోటు పుస్తకం మొదలైంది. నాలుగు రోజులకు అతనికి తెలిసిందల్లా ఏది కొన్నా తప్పే అని.

ఐదో రోజు పుస్తకాలు చంకలో పెట్టుకుని దర్గాకు వచ్చాడు. తాత వసారాలో దూది ఏకుతున్నాడు. గోడవారగా, దర్గాలోనే ఉండే ఇమాంబవ్వ చేటలో బియ్యం పెట్టుకుని రాళ్ళేరుతోంది. ఎనభై ఏళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళ కిందటే చూపు పోయింది. అయినా ఆమె ఏరిన బియ్యంలో రాయి తగిలిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

"తాతా, ఈ నల్లదానికి ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చినారు" అని ఓబుళపతి పుస్తకం తెరిచాడు. "పాడే మనిషి ఎదురుగా నిలబడినట్టే ఉంటాదంట."

"ఎవరన్నారు?"

"జర్మనీ ఆయన."

"ఇంకెవరన్నా ఏమన్నా అన్నారా?"

"లండన్ ఆయన అంత సీన్ లేదన్నాడు. ఆయన ఈ వెండి రంగు దాన్ని విని, పరవాలేదు, చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదన్నాడు. చెన్నై ఆయనేమో వీళ్ళిద్దరికీ చెవుడంటాడు."

తాత విల్లు ఆపి నవ్వాడు. "నాలుగు రోజులు అందరూ ఏమన్నారో చూసినావు. నువ్వేమంటావు?"

"నేను అనేదేముంది తాతా. వాళ్ళు చానా పెద్దోళ్ళు."

ఇమాంబవ్వ చేట కింద పెట్టింది. "అబ్బయా, కొత్తది తెస్తే పాటకు ముందొచ్చే సద్దు పోతాదా?"

"ఏ సద్దవ్వా?"

"పాటకు ముందు వస్తాది గదా. కొంచెం సద్దు."

ఓబుళపతికి పట్టలేని ఉత్సాహం వచ్చింది. అతనికి తెలిసిన విషయం ఎవరైనా అడిగితే ఎప్పుడూ అంతే. "అది పాత టేపు లోని చెత్త అవ్వా. కొత్తది వచ్చినాక దాన్ని నేనే కత్తిరించి పారేస్తా. పాట శుభ్రంగా మొదలవుతాది."

ఇమాంబవ్వ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. కానీ చేతులు చాలాసేపు బియ్యం మీద ఊరికే ఉన్నాయి. తాత ఆ చేతుల వైపు చూశాడు. ఓబుళపతి పుస్తకం వైపు చూస్తున్నాడు.

"అంగడాయనను అడిగి మూడు పెట్టెలు అరువు తే" అన్నాడు తాత. "విందాం."

కడపలో తెలిసిన అంగడాయన రెండు రోజులకు మూడు ఇచ్చాడు. నక్షత్రాల నల్లది. విశేషమేమీ లేని వెండి రంగుది. మూడోది చిన్నది, ఊళ్ళోనే ఒక మెకానిక్ కట్టింది. దాని గురించి లోకంలో ఎవరూ ఒక్క ముక్క కూడా రాయలేదు. అందుకని ఓబుళపతి దాన్ని ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చాడు.

తాత చెప్పినట్టే ఒక స్విచ్చు పెట్టె తయారు చేశాడు. పిడి ఒక గాటుకు తిప్పితే ఒక ఆంప్లిఫయర్ మోగుతుంది. ఇంకో గాటుకు తిప్పితే ఇంకోటి. మూడు గాట్లు.

"ఇప్పుడు ఒక చాదర్ తే."

"వద్దు తాతా, మళ్ళా కాలిపోతాది."

"కప్పేదానికి కాదులేప్పా. అడ్డం కట్టేదానికి."

మూడు ఆంప్లిఫయర్లకూ ముందు తాడు కట్టి సుంకన్న తెచ్చిన చాదర్ వేలాడదీశారు. తాత దాని వెనక స్విచ్చు దగ్గర కూర్చున్నాడు. ఓబుళపతి ఇవతల చాప మీద నోటు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఇమాంబవ్వ ఎప్పటిలాగే స్పీకరు పక్కనున్న స్తంభానికి ఆనుకుంది. గురువారాల్లో ఆమె చోటు అదే. అక్కడ ఇంకెవరూ కూర్చోరు.

"ముందు నల్లది అనుకో నాయనా" అన్నాడు తాత లోపల నుంచి.

పాట వచ్చింది. ఓబుళపతి కళ్ళు మూసుకుని తల ఊపాడు. "అబ్బ, ఏం లోతు తాతా. మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉండాడు." రాసుకున్నాడు.

"ఇప్పుడు వెండి రంగుది అనుకో."

"ఇది కొంచెం పొడిగా ఉండాది. గొంతు వెనక్కి పోయింది. లండన్ ఆయన చెప్పింది నిజమే. విశేషమేమీ లేదు." అదీ రాసుకున్నాడు.

"ఇప్పుడు చిన్నది."

ఓబుళపతి మొహం చిట్లించాడు. "వద్దు తాతా. రేకు డబ్బాలో పాడినట్టు ఉండాది. ఆపేయి."

పాట ఆగింది. స్తంభం దగ్గర నుంచి ఇమాంబవ్వ అంది, "అబ్బయా, మూడుసార్లూ ఒకటే కదా పాడె."

తాత లోపల నుంచే చాదర్ పక్కకు తీశాడు. పిడి మూడో గాటు దగ్గరుంది. చిన్న ఆంప్లిఫయర్ మీద మాత్రమే ఎర్ర దీపం వెలుగుతోంది. మిగతా రెండింటి ప్లగ్గులు నేల మీద పడి ఉన్నాయి. మొదటి నుంచీ అవి అక్కడే ఉన్నాయి.

ఓబుళపతికి చెవుల దాకా వేడెక్కింది. తను రాసిన మూడు పేజీలూ ఎదురుగా కనబడుతున్నాయి. మంచి దస్తూరి. చదివేవాడెవడైనా నమ్ముతాడు.

తాత నవ్వలేదు. ఇమాంబవ్వా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది అనిపించింది అతనికి.

"ఈ పని ఇంకెవరికైనా చెప్పు తాతా" అన్నాడు పుస్తకం మూసి. "నాకు చెవి లేదు. ఇది ఇప్పుడు తెలిసింది కాదు. ఏడో తరగతిలో ప్రార్థన పాటకు పిల్లల్ని ఎంచుతా ఉంటే, మా పాటల టీచరమ్మ అందరి ముందరా చెప్పింది. నీకు చెవి లేదు, వెనక నిలబడి నోరు ఆడించు చాలు అని. అప్పటి నుంచి ఆడిస్తానే ఉండా."

ఆ మాట అతను భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకాలు అక్కడే వదిలి చెప్పులేసుకోబోయాడు.

"పోదువులే. ఈ దిండుకు దూది చాలలేదు. కాసేపు కూర్చో" అన్నాడు తాత.

వసారాలోకి వచ్చి విల్లు అందుకున్నాడు. బస్తాలోంచి గట్టిపడిన పాత దూది లాగి విల్లు తీగ కింద వేశాడు. "కళ్ళు మూసుకో. దూది ఏకడం అయినప్పుడు చెప్పు."

"నాకు దూది పని తెలీదు తాతా."

"తెలీకపోతే తెలీలేదని చెప్పు. మూసుకో ముందు."

ఓబుళపతి కళ్ళు మూసుకున్నాడు. తాత చెక్క పిడితో తీగ మీద కొట్టాడు. డబ్, డబ్ మని బరువుగా మోగింది, తడి బట్టను బండకేసి కొట్టినట్టు. ఎనిమిదేళ్ళుగా ప్రతి గురువారం విన్న మోతే. ఎన్నడూ దాని మీద మనసు పెట్టలేదు. ఇప్పుడు వేరే దేని మీదా పెట్టే మనసు లేదు కాబట్టి పెట్టాడు.

మోత మెల్లగా మారుతోంది. బరువు కొంచెం కొంచెం దిగిపోతోంది. తాత ఆపాడు. "అయిందా?"

"లేదు."

మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకాసేపటికి మళ్ళీ ఆపాడు. "ఇప్పుడు?"

"లేదు తాతా. యాడో తీగకు అడ్డం తగల్తాంది." ఓబుళపతి కళ్ళు తెరవకుండానే ముందుకు వంగాడు. "నీకు ఎడమ పక్క. ఇంకా గడ్డ ఉండాది."

తాత ఎడమ పక్కకు జరిపి కొట్టాడు. కొద్దిసేపటికి తీగ తేలికపడింది. దేనికీ అంటుకోకుండా, ఖాళీ గాలిలో మోగినట్టు మోగింది. ఈసారి తాత ఆపలేదు, అడగలేదు. ఓబుళపతే చెయ్యి ఎత్తాడు.

"అయింది."

తాత విల్లు పక్కన పెట్టాడు. దూదిలోకి చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమాడు. ఇంకోసారి కొట్టలేదు. ఆ దూదంతా తీసి దిండు గలీబులో కూరి, మూతి కుట్టడానికి సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఓబుళపతి ఆ దిండు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"రేపు పొద్దున్నే రా" అన్నాడు తాత దారం పళ్ళతో తెంపుతూ.

పొద్దున వచ్చేసరికి తాత అప్పటికే చాదర్ మళ్ళీ కట్టేసి, దాని వెనక వైర్ల కొసలు అటూ ఇటూ మార్చి పెట్టాడు. ఏ గాటుకు ఏ పెట్టె అన్నది ఇప్పుడు ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. స్విచ్చు పెట్టెను చాదర్ ఇవతలికి తెచ్చి ఇమాంబవ్వ ఒళ్ళో ఉంచాడు. తను దూది బస్తా తీసుకుని బయటికి పోయాడు.

నోటు పుస్తకాల కోసం ఓబుళపతి వెతకలేదు గానీ, ఒకటి కంటబడింది. చాయ్ గిన్నె కింద ఉంది. చాప కాలకుండా ఇమాంబవ్వ చేతికందింది గిన్నె కింద పెట్టింది. దాని అట్ట మీద గుండ్రంగా మరక పడింది. అతను దాన్ని అక్కడే ఉండనిచ్చాడు.

"తిప్పమంటావా అబ్బయా?"

"నీ ఇష్టం వచ్చినట్టు తిప్పవ్వా. నాకు చెప్పొద్దు."

మొదటి గాటు. పాట ఇంకా రాలేదు. స్పీకర్లలోంచి ఉమ్మ్ అని సన్నటి మోత వస్తూనే ఉంది. ఆ సినిమా హాలు స్పీకర్లు ఏ కాస్త కరెంటుకైనా గొంతెత్తి పలుకుతాయి. నక్షత్రాలిచ్చినవాళ్ళు ఇలాంటి స్పీకర్లు చూసి ఉండరు. పాఠం చెప్పేవాడు కదా, ఓబుళపతికి కారణం వెంటనే తట్టింది. దాన్ని పక్కన పెట్టి వినడం మొదలుపెట్టాడు. పెద్దతాత గొంతు బలంగా, నిండుగా వచ్చింది. కానీ పాట మధ్యలో ఆయన ఆగినచోటల్లా ఆ మోత వచ్చి కూర్చుంటోంది.

రెండో గాటు. మోత లేదు గానీ సర్రుమనే సద్దు ఉంది. పై స్వరాలు చెవిలో గుచ్చుకున్నాయి. రేకు డబ్బా అంత కాదు. నిన్న ఆ మాట అన్నందుకు కొంచెం సిగ్గుపడ్డాడు.

మూడో గాటు తిప్పింది. ఏమీ వినబడలేదు.

వైరు ఊడిందేమోనని ఓబుళపతి లేవబోయాడు. అంతలో ఆ నిశ్శబ్దంలో ఎక్కడో ఒక గ్లాసు రాతి మీద పెట్టిన చప్పుడు. ఎవరో ముసలాయన చిన్నగా గొంతు సవరించుకున్నాడు. ఓబుళపతి మళ్ళీ కూర్చున్నాడు. ఆ సవరింపుకూ పాటకూ మధ్య, చాలా దగ్గరలో, గాజులు కదిలాయి. రెండో మూడో గాజులు. ఎవరో వంగి ఏదో అందుకుని, వెనక్కి జరిగారు. అప్పుడు పెద్దతాత ఊపిరి తీసుకున్నాడు.

ఓబుళపతి ఇమాంబవ్వ వైపు తిరిగాడు. ఆమె స్విచ్చు పెట్టె మీది చెయ్యి తీసి రెండో చేతి మణికట్టు పట్టుకుని ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ చేతికి గాజులు లేవు.

"ఆ పొద్దు చాయ్ ఇచ్చింది నేనే" అంది ఆమె. "ఆకుపచ్చ గాజులు. సద్దు చేయొద్దని టేపాయన ముందే చెప్పె. అయినా అయింది. అప్పుడు కండ్లు కనపడేవి నాకు."

ఓబుళపతి చూస్తున్నదే ఎనిమిదేళ్ళు. ప్రతి గురువారం ఆమె ఆ స్తంభం దగ్గర కూర్చున్నది దీని కోసం. తను దీన్ని చెత్త అన్నాడు, కత్తిరించి పారేస్తానన్నాడు, ఆమె మొహం మీదే అన్నాడు. "తప్పయింది అవ్వా" అన్నాడు.

"ఊరుకో అబ్బయా. పాట విను. దీంట్లో చానా బాగుండాడు."

పాట ముగిసేదాకా విన్నారు. తాత ఎప్పుడొచ్చాడో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏది?"

"మూడో గాటుది."

"గట్టిగా చెప్తాండావా?"

"గట్టిగానే చెప్తాండా తాతా."

"ఎందుకది?"

లోతు, వెడల్పు, తళుకు, పట్టు, నాలుగు రోజులుగా చదివిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"ఇమాంబవ్వ ఉండాది దీంట్లో" అన్నాడు.

తాత తల ఊపి చాదర్ విప్పడానికి పోయాడు. మూడో గాటుది వెండి రంగు పెట్టె. విశేషమేమీ లేదని లండన్ ఆయన తేల్చినది. ఓబుళపతి దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు, సంబరపడలేదు. మిగతా రెండింటినీ జాగ్రత్తగా తుడిచి, చిన్నదాన్ని ఈసారి ఒళ్ళో పెట్టుకుని, అంగడికి తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు.

ఉరుసు రోజు జనం వసారా దాటి దారి మీద దాకా నిండారు. సుంకన్న కొత్త చాదర్ మడత మీద మల్లెపూలు పెట్టుకుని తిన్నగా ఆంప్లిఫయర్ దగ్గరికి వచ్చాడు. ఓబుళపతి లేచి, ఆ మడతను అతని చేతులతో సహా పట్టుకుని, పెద్దతాత సమాధి దగ్గరికి నడిపించి, అక్కడ కప్పించి, తిరిగి తెచ్చి తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నాడు. స్తంభం దగ్గర ఇమాంబవ్వ. ఎదురుగా దస్తగిరి తాత, కళ్ళు మూసుకుని.

ఓబుళపతి మీట నొక్కాడు. జనం సర్దుకున్నారు. సద్దు మణిగింది.

సుంకన్న కాసేపు చూశాడు. స్పీకర్ల వైపు చూశాడు, కొత్త పెట్టె వైపు చూశాడు. ఉండబట్టలేక ఓబుళపతి చెవి దగ్గర గొణిగాడు.

"ఏం సారూ, పాట ఇంకా మొదలుకాలే?"

ఇమాంబవ్వ తల కొంచెం పక్కకు వంచి నవ్వుతోంది.

"మొదలయింది, విను" అన్నాడు ఓబుళపతి.